బండికి పులుసు పెట్టే రోజు

మొన్న మంగళవారం ఉదయం పది గంటల ఇరవై నిమిషాలకు, జగదల్‌పూర్‌లో మా ఇంటికి దగ్గరగా ఉన్న వర్క్‌షాపులో, మిస్త్రీ నా కారు రేడియేటర్ కింది గొట్టం ఊడదీశాడు. నాకు వేసిన కుర్చీ గోడ గడియారానికి ఎదురుగా ఉంది కనుక వేళ గుర్తుండిపోయింది. ఆకుపచ్చటి నీళ్ళు రేకు తొట్టిలోకి పడ్డాయి. నీళ్ళు అనకూడదట, కూలెంట్ అనాలట. పాతబడి మడ్డి కట్టిందని తొట్టి వంచి చూపించి, కొత్తది పోస్తున్నాను, ఇక మూడేళ్ళదాకా మీరు ఈ మూత జోలికి రానక్కర్లేదు అని హిందీలో అన్నాడు. నేను సరేనన్నాను. డబ్బాలోది పోసి, మూత బిగించి, ఇంజను కాసేపు తిప్పి చూసి, చేతులు తుడుచుకున్నాడు. ముప్పావు గంట పట్టలేదు. ఆ సేపంతా నేను మా వదినను తలుచుకుంటూ కూర్చున్నాను. ఆమె పోయి ఆ రోజుకి ఇరవై రెండు రోజులు.

మా వదిన అంటే మా అన్నయ్య భార్య. నాకంటే నాలుగేళ్ళు పెద్ద. నా జీవితంలో నేను ఎవరినైనా చూసి ఓర్వలేకపోయానంటే అది ఆమెనే, అదీ ఒక కారు గురించి. ఆమె ఒకే ఒక్కసారి డ్రైవింగ్ లైసెన్సు పరీక్షకు బయలుదేరింది. ఆ లైసెన్సు ఆమెకు రాకుండా పోవడానికి కారణం నేను. ఈ మాట ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. దారిలో కారు పొగలు కక్కితే దిగి, వాగులోంచి నీళ్ళు మోసుకొచ్చి పోసిన నా ఈడువాళ్ళకు ఇది అర్థమవుతుందని రాస్తున్నాను.

మాది జగదల్‌పూర్‌కు దక్షిణాన అడవుల అవతల ఉన్న కొంటలో దుకాణం. ఉప్పు, బట్టలు, కిరాణా అమ్మేవాళ్ళం, చింతపండు, ఇప్పపువ్వు కొనేవాళ్ళం. సంస్థానం విలీనమై ఏళ్ళు గడిచినా మా నాయన జగదల్‌పూర్‌ను రాజధాని అనే అనేవాడు, అక్కడికి వెళ్ళడమంటే ఉతికిన ధోవతి కట్టుకోవలసిందే. ఆ ప్రయాణాల కోసమే కలప కాంట్రాక్టు చేసే ఠేకేదారు ఒకాయన వాడి వదిలేసిన నల్ల కారు కొన్నాడు. వానాకాలం నాలుగు నెలలు రోడ్డు ఉండేది కాదు, కారు కొట్టంలో చింతపండు బస్తాల పక్కన నిలబడే ఉండేది. వానలు వెనకబట్టాక, దసరాకు రాజధానికి వెళ్ళే ముందు, దాని కడుపులోని నీళ్ళు మార్చాలి. నాలుగు నెలలు నిలవున్న ఆ నీళ్ళు తుప్పుతో టీ రంగులో దిగేవి. మా బావి నీళ్ళు ఉప్పునీళ్ళు కావడంతో రేడియేటర్ గొట్టాల లోపల తెల్లటి పొర కట్టేది. రాగి చెంబును తోమేది చింతపండుతోనే కదా, రేడియేటర్ లోపలా రాగే కదా, దానికీ అదే మందు అని నాయన తేల్చాడు. ఆయనకు ఇది ఎవరు చెప్పారో తెలియదు. ఇల్లంతా చింతపండు ఉన్నవాడికి ఎవరూ చెప్పనక్కర్లేదు కూడా.

అట్లా ఏడాదికొకసారి మా ఇంట్లో బండికి పులుసు పెట్టే రోజు ఒకటి ఉండేది. ముందు రాత్రి చింతపండు నానబెట్టి పొద్దున్నే పిసికి, పీచు, గింజ, తుక్కు ఏదీ మిగలకుండా పాత ధోవతి గుడ్డలో మూడుసార్లు వడగట్టాలి, ఒక్క పీచు గొట్టంలో అడ్డుపడినా బండి దారిలో ఉడికిపోతుంది. పద్నాలుగో ఏటి నుంచి ఆ పని నాది. అడవి గూడెం నుంచి చింతపండు తెచ్చే దోర్ల ముసలామె ఒకతె ఒక ఏడు గంప దించి, నేను బిందెలకొద్దీ పులుసు కారులో పోయడం చూసి నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది.

“ఏంది సావుకారి బిడ్డా, బండికి గూడ పులుసేనా? అన్నం ఎప్పుడు పెడ్తరు?”

“అన్నం జగదల్‌పూర్‌లో తింటదిలే అవ్వా,” అన్నాడు నాయన.

పులుసు పోసి, ఇంజను నడిపించి, వేడెక్కాక ఆపి, చల్లారాక కింది కుళాయి విప్పి వదిలేయాలి. తర్వాత వట్టి నీళ్ళు పోయడం, వదలడం, మళ్ళీ పోయడం. పులుపు లోపల ఏమాత్రం మిగిలినా అది గొట్టాల అతుకులకు పోసిన సీసాన్ని తినేస్తుందని నాయన భయం. మిగిలిందో లేదో తెలిసేది ఎట్లా? నోట్లో వేసుకుని చూడటమే. నాయన నాలుక జర్దాతో మొద్దుబారిపోయింది, అన్నయ్యకు వాసనకే కడుపులో తిప్పేది. కనుక కుళాయి కింద వేలు పెట్టి ఒక బొట్టు నాలుక మీద వేసుకుని ఇంకా పుల్లగా ఉంది అనో, చప్పబడింది అనో చెప్పేదాన్ని నేను. చప్పబడింది అని నేనన్నదాకా నాయన కుళాయి కట్టేవాడు కాదు. ఏడుసార్లు పోయించిన సంవత్సరం కూడా ఉంది. దుకాణంలో, ఇంట్లో, ఎక్కడా నా మాటకు అంత విలువ ఉండేది కాదు.

నేను పంతొమ్మిదో ఏట ఉండగా అన్నయ్యకు పెళ్ళయి వదిన వచ్చింది. భద్రాచలం వైపు పిల్ల, వాళ్ళ నాయన లారీ నడిపేవాడు. మా అన్నయ్య నెమ్మదస్తుడు, కారు నేర్చుకోబోయి మొదటి రోజే చింతపండు బస్తాల మీదికి ఎక్కించి, ఆ తర్వాత స్టీరింగ్ ముట్టుకోలేదు. నాయనకు కళ్ళల్లో పొర మొదలై ఎదురుగా వచ్చే ఎడ్లబండి దగ్గరికి వచ్చేదాకా కనిపించని రోజులవి. ఒక సంత రోజు ఆయన కారును దుకాణం ముందు అడ్డంగా వదిలి ఎక్కడికో వెళ్ళాడు. చింతపండు గంపలవాళ్ళు, బండ్లవాళ్ళు ఆగిపోయి అరుస్తున్నారు. వదిన వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చి, చీర కుచ్చెళ్ళు కాస్త పైకి దోపి, కారులో కూర్చుని, దాన్ని వెనక్కి నడిపి కొట్టంలో పెట్టి, మళ్ళీ వంటింట్లోకి పోయింది. నాయన వచ్చి కొట్టంలో కారు చూసి అడిగాడు.

“ఎవలు పెట్టిండ్రు దీన్ని?”

“నేనే మామా. తప్పయితే మళ్ళ రోడ్డు మీద పెట్టొస్త,” అంది వదిన లోపలి నుంచి.

నాయన అంత గట్టిగా నవ్వడం నేనెప్పుడూ వినలేదు. మరునాటి నుంచి ముందు సీటు, స్టీరింగు ఆమెవి. పక్కన నాయన. వెనక సీట్లో బస్తాల మధ్య నేను. ఆమెను ఆయన బిడ్డా అని పిలవడం మొదలుపెట్టాడు. అంతవరకూ ఆ ఇంట్లో ఆ పిలుపు నా ఒక్కదానిదే.

పుస్తకాల్లో అసూయను పాముతో పోల్చారు, నిప్పుతో పోల్చారు. జగదల్‌పూర్ లైబ్రరీలో నాకు దొరికిన పుస్తకాలన్నీ దాదాపు చదివాను, ఆ పోలికలేవీ నాకు సరిపోలేదు. ఇంకొకరు కూర్చున్న చోటు నాది అనిపించేది, అంతే. అది పొద్దున లేవగానే ఉండేది, పడుకునే ముందూ ఉండేది, అన్నం తింటున్నప్పుడూ ఉండేది. ఆమె గేరు మార్చేటప్పుడు గాజులు చేసే చప్పుడు కూడా నాకు గిట్టేది కాదు. ఆమె నాతో మంచిగా ఉండటం ఇంకా గిట్టేది కాదు. తలదువ్వేది, తన చీరలు కట్టుకోమనేది, పిల్లా అని పిలిచేది. ఒకసారి ధైర్యం చేసి నాకూ నేర్పమని నాయనను అడిగాను. నీకెందుకు బిడ్డా, పెళ్ళయితే మీ ఆయన నేర్పుతాడులే అన్నాడు. వదిన మాత్రం నేను నేర్పిస్త మామా అంది. ఆమె నేర్పితే నేర్చుకోను అని నేను లోపలికి వెళ్ళిపోయాను.

మరుసటి ఏడు దసరాకు ముందు నాయన ఒక నిర్ణయం తీసుకున్నాడు. వదినకు లైసెన్సు తీయించాలి. కాగితాలు పెట్టించాడు, పరీక్షకు జగదల్‌పూర్ లైసెన్సుల దఫ్తర్‌లో రోజు ఇచ్చారు, మధ్యాహ్నం రెండు గంటలకు రమ్మన్నారు. మా వ్యాపారస్తుల ఇళ్ళల్లో కొంట నుంచి భోపాలపట్నం దాకా అప్పటికి లైసెన్సు ఉన్న ఆడమనిషి లేదు. నాయన దుకాణానికి వచ్చిన ప్రతివాడికీ చెప్పాడు. వదిన పైకి ఏమీ అనేది కాదు గానీ, రోడ్డు గుర్తుల బొమ్మలు కాగితం మీద గీసుకుని, రొట్టెలు కాలుస్తూ పొయ్యి పక్కన పెట్టుకుని చూసుకునేది. పెళ్ళయ్యాక ఆమె తనకోసమని కోరుకున్నది నాకు తెలిసి అదొక్కటే.

బయలుదేరే ముందురోజు పులుసు పెట్టాం. ఆ ఏడు నేను పులుసు ఎప్పటికంటే చిక్కగా కలిపాను. ఎందుకో అప్పుడు నాకు నేను చెప్పుకోలేదు. మొదటి కడుగు, రెండో కడుగు, మూడో కడుగు. నాయన బావి దగ్గరి నుంచి బిందె అందిస్తూ వదినతో మాట్లాడుతున్నాడు, మలుపులో బండి వెనక్కి ఎట్లా తీయమంటారో, ఆఫీసరు ఏం అడుగుతాడో. నేను కుళాయి దగ్గర కూర్చుని ఉన్నాను.

“ఎట్లుంది బిడ్డా?” అన్నాడు, నా వైపు తిరగకుండానే.

నాలుక మీద పులుపు స్పష్టంగా ఉంది. పళ్ళు జివ్వుమన్నాయి.

“చప్పబడ్డది నాయనా,” అన్నాను.

ఆయన కుళాయి కట్టేశాడు, వట్టి నీళ్ళు నింపాడు, మూత పెట్టాడు. దారిలో ప్రమాదం జరగాలని నేను అనుకోలేదు. బండి ఎక్కడో ఒకచోట మొండికేయాలి, ఆమె చేతిలో మొండికేయాలి, నాయన అది చూడాలి, అంతవరకే అనుకున్నాను. అంతవరకే అనుకున్నాను కనుక తప్పు తగ్గుతుందని కాదు.

తెల్లవారకముందే బయలుదేరాం. అన్నయ్య దుకాణంలో, అమ్మ ఇంట్లో ఉండిపోయారు. దంతేశ్వరి అమ్మవారికి ఇవ్వమని అమ్మ ఒక సంచీ నిండా దంచిన పసుపు కట్టి నా ఒళ్ళో పెట్టింది. సుక్మా దాటేదాకా ఏమీ కాలేదు. తోంగ్‌పాల్ దాటి దర్భా కొండల ఘాటు రోడ్డు ఎక్కుతుండగా ముందునుంచి ఆవిరి లేచింది. వదిన తొందరపడలేదు. బండిని పక్కకు తీసి, ఇంజను ఆపి, చక్రానికి రాయి పెట్టమని నాకు చెప్పింది. చల్లారేదాకా నీడలో కూర్చోబెట్టింది. అప్పుడు తడిపిన గోనెపట్టా మడిచి మూత మీద వేసి, కొంచెం కొంచెంగా తిప్పి తీసింది. నీళ్ళు సగానికి తగ్గిపోయాయి. కింద అతుకు దగ్గర సన్నగా బొట్లు పడుతున్నాయి. ఆమె వంగి ఒక బొట్టు వేలి మీద పట్టింది, చూసింది, నాలుక మీద వేసుకుంది.

“ఏంది బిడ్డా, ఏమయింది?” అన్నాడు నాయన.

ఆమె వేలు చీరకు తుడుచుకుంది.

“ఏం లేదు మామా. ముసలి రేడియేటర్ గదా, అతుకు విడిచింది.”

నా వైపు చూడలేదు. చూసి ఉంటే ఆ తర్వాతి సంవత్సరాలు నాకు తేలికగా గడిచేవేమో. ఆమె నేరుగా వచ్చి నా ఒళ్ళోంచి పసుపు సంచీ తీసుకుంది. కారే రేడియేటర్‌లో పసుపు వేస్తే అది వేడికి ఉబ్బి చిల్లులో కూర్చుంటుంది, లారీలవాళ్ళ ఉపాయం అది. నాయన చేయి అడ్డం పెట్టాడు.

“అది అమ్మవారిది బిడ్డా!”

“ఈ ఘాటు ఎక్కించేది ఆమెనే గదా మామా. ఆమె సొమ్ము ఆమె పనికే పెడుతున్నం.”

నాయన నవ్వబోయాడు గానీ నవ్వు రాలేదు. నేను రెండుసార్లు వాగులోకి దిగి డబ్బాతో నీళ్ళు తెచ్చాను. పసుపు కలిపి పోసి ఇంజను నడిపితే బొట్లు పచ్చగా పడి, పడి, నెమ్మదించి ఆగిపోయాయి. ఘాటు ఎక్కాం. నాలుగు కిలోమీటర్లకోసారి ఆగి చూసుకుంటూ జగదల్‌పూర్ చేరేసరికి నాలుగు దాటింది. ఆఫీసరు మూడింటిదాకా చూసి వెళ్ళిపోయాడని, రేపటినుంచి దసరా సెలవులని, పండగ అయ్యాక మళ్ళీ రోజు వేయించుకోమని అక్కడి గుమాస్తా చెప్పాడు. మర్యాదగానే చెప్పాడు.

మళ్ళీ రోజు వేయించుకోవచ్చు. పోయింది ఒక రోజే. కానీ నాయన దఫ్తర్ మెట్ల మీద కూర్చుని తల పట్టుకున్నాడు. అమ్మవారికి మొక్కిన పసుపు బండికి పోశాం, ఆమెకు ఇష్టం లేకనే ఇట్లా అయింది అన్నాడు. తర్వాత నన్ను అడిగాడు.

“నీ నాలుకకు తెలవకుండ ఏదీ పోదు గద బిడ్డా. నిన్న నీళ్ళు మంచిగనే ఉండె గదా?”

అప్పుడు నేను నిజం చెప్పి ఉంటే ఆయన నన్ను తిట్టేవాడు, ఒక దెబ్బ వేసేవాడేమో, మళ్ళీ రోజు వేయించేవాడు. వదిన అక్కడే కారుకు ఆనుకుని నిలబడి ఉంది. చేతులు మోచేతిదాకా పసుపు.

“మంచిగనే ఉండె,” అన్నాను.

అయితే ఇది అమ్మవారి మాటే అన్నాడు నాయన. ఇక ఆడపిల్లల చేతికి బండి వద్దన్నాడు. వదిన సరే మామా అంది. తిరుగు ప్రయాణానికి జగదల్‌పూర్ నుంచే ఒక డ్రైవరును కుదుర్చుకున్నాం. ఆమె వెనక సీట్లో నా పక్కన కూర్చుంది. నేను కోరుకున్నది జరిగింది. ముందు సీటు మాత్రం నాకు రాలేదు.

పులుపే అతుకును తిన్నదా, ఉప్పు పొర ఊడిపోయి పాత చిల్లు బయటపడిందా అని చాలా ఏళ్ళ తర్వాత ఒక మిస్త్రీని అడిగాను. రెండూ అయ్యుంటుంది అన్నాడు. నాకు ఊరట కలిగించే జవాబు కాదు అది.

రెండేళ్ళకు నా పెళ్ళయి జగదల్‌పూర్ వచ్చాను. మావారు స్కూల్లో మాస్టారు, నాయన అన్నట్టే ఆయనే నాకు కారు నేర్పారు. లైసెన్సు వచ్చిన రోజు కొంటకు ఉత్తరం రాశాను. వదిన జవాబు రాసింది, సంతోషమని, ఘాటు మీద జాగ్రత్త అని. ఆ ఉత్తరంలో ఎత్తిపొడుపు కోసం వెతికాను, దొరకలేదు. ఉంటే బాగుండేది. ఆమె మంచితనం మీద కూడా నాకు అసూయే మిగిలింది.

పోయిన ఏడు ఆమెను వైద్యానికి జగదల్‌పూర్ తీసుకొచ్చి మా ఇంట్లో ఉంచుకున్నాం. ఆస్పత్రికి నేనే కారులో తీసుకెళ్ళేదాన్ని. అన్నయ్య పిల్లలు వెనక తలుపు తీశారు. ఆమె చేయి విదిలించుకుని ముందుకు వచ్చి నా పక్కన కూర్చుంది. నేను తాళం తిప్పబోతుండగా అంది.

“ఏంది పిల్లా, బండి తీసే ముందు నీళ్ళు రుచి చూసినవా?”

తాళం వదిలేసి అన్నాను.

“ఇప్పటి నీళ్ళు చూడొద్దు వదినా. విషమట.”

“అప్పటియి మంచిగుండె,” అని, నవ్వి, “పుల్లగుండె,” అంది.

క్షమించమని అడగడానికి నోరు తెరిచాను. పోనియ్, ఆస్పత్రికి ఆలస్యమైతది అంది. అంతటితో అయిపోయింది. నలభై ఏళ్ళకు పైగా ఆ పులుపును నాలుక మీదే ఉంచుకున్న మనిషి, దాన్ని ఇంత తేలికగా దించేసింది. ఆ పని నా వల్ల అయ్యేది కాదు. ఆ రోజు కూడా ఆమెను చూసి నాకు ఓర్వలేనితనమే కలిగింది. ఎప్పటికంటే ఎక్కువగా కలిగింది.

ఆమె పోయిన పన్నెండో రోజున అందరూ భోజనాల దగ్గర ఆమె గురించి చెప్పుకున్నారు, చేతివంట గురించి, ఓపిక గురించి. ఆమె కూతురు ఒక మాట అంది. మా అమ్మకు కారంటే భయం, అందుకే జీవితమంతా వెనక సీట్లోనే కూర్చుంది అని. అందరూ అవునన్నారు. అన్నయ్య కూడా తల ఊపాడు. నేను విస్తరి వైపు చూస్తూ ఉండిపోయాను. అది నా మూడో అబద్ధం.

ఆమెకు భయం లేదు. సంతరోజు గంపల మధ్యనుంచి ఎవరికీ తగలకుండా బండిని వెనక్కి తీసింది, కారుతున్న రేడియేటర్‌తో దర్భా ఘాటు ఎక్కించింది. ఇది ఆమె కూతురు చదవాలని రాశాను. ఆ పిల్లే ఇప్పుడు కొంట నుంచి జగదల్‌పూర్‌కు ఒక్కతే కారు నడుపుకుంటూ వస్తుంది, రోడ్డు బాగుంది, నాలుగు గంటల ప్రయాణం. ఘాటు మీద ఆగదు. నీళ్ళు సరిగ్గా ఉన్నాయా అని ఎవరినీ అడగనక్కర్లేదు, అవి తగ్గితే ముందు ఒక దీపం వెలిగి చెబుతుంది. ఆ దీపానికి ఎవరి మీదా ఓర్వలేనితనం ఉండదు. మంచిదే. ఇప్పుడు బండిలో నీళ్ళు ఎవరూ నోట్లో వేసుకుని చూడరు.